మెయిల్‌లో ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా, అంటే కంప్యూటర్ దాచుకునే అంకెలుగా, మార్చే పద్ధతి) వివరం లేకపోయినా, తప్పుగా ఉన్నా ఏమవుతుంది?

వివరం అసలు లేకపోతే, మెయిల్ రూపాన్ని నిర్ణయించే 1996 నాటి మైమ్ ప్రమాణం ప్రకారం ఆస్కీ (ఇంగ్లీషు అక్షరాలకే సరిపోయే పాత ఎన్‌కోడింగ్) అనుకోవాలి. ఆచరణలో చాలా ప్రోగ్రాములు ఊహిస్తాయి: బైట్ల వరస యూటీఎఫ్-8 (అన్ని భాషలకూ పనికొచ్చే ఎన్‌కోడింగ్) నియమాలకు సరిపోతే అదే అనుకుంటాయి, లేదంటే సెట్టింగ్స్‌లోని డిఫాల్ట్ వాడతాయి. ఆ నియమాలు బాగా కఠినం కాబట్టి ఈ ఊహ అరుదుగానే తప్పుతుంది.

అసలు చిక్కు ఎన్‌కోడింగ్ పేరు తప్పుగా ఉన్నప్పుడే. ప్రోగ్రామ్ సాధారణంగా దాన్నే నమ్మేస్తుంది! యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికైనా, గుణింతపు గుర్తుకైనా 3 బైట్లు. హెడర్‌లో (మెయిల్‌తో పాటు వచ్చే వివరాల్లో) విండోస్-1252 (పశ్చిమ యూరప్ భాషల ఎన్‌కోడింగ్) అని ఉంటే అవి మూడేసి వింత గుర్తులుగా కనిపిస్తాయి. టెన్షన్ పడకండి, బైట్లు చెక్కుచెదరలేదు. మీ మెయిల్ ప్రోగ్రామ్ థండర్‌బర్డ్ అయితే వ్యూ మెనూలో 'రిపేర్ టెక్స్ట్ ఎన్‌కోడింగ్' నొక్కి చూడండి. వరసగా ప్రశ్నార్థకాలే కనిపిస్తే మాత్రం అక్షరాలు దాదాపుగా దారిలోనే పోయినట్టు. మళ్ళీ పంపమని అడగడమే.