హైదరాబాదులో మైనస్ 40

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య దీవెనలు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. ఇంజన్ లైటు వెలిగింది, ఫోన్‌కు కలిసే స్కానర్ పెడితే పి0118 అనే లోపం కోడు వచ్చింది, ఇంటర్నెట్‌లో వెతికితే అది కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం, ఉష్ణోగ్రత చెప్పే సెన్సర్ అని తేలింది, కాబట్టి ఒకటి తెప్పించి ఆదివారం నేనే మార్చేస్తాను అన్నావు. మార్చు, వద్దనను. 35 ఏళ్లు విజయవాడ ఆటోనగర్‌లో గ్రీజు పూసుకున్న మనిషిని, ఇంట్లో ఒక్క పిల్లవాడైనా పానా పట్టుకుంటానన్నందుకు సంతోషంగానే ఉంది. కానీ సెన్సర్‌కు డబ్బు కట్టకు. ఇంకా కట్టకు.

ఆ అంకె ‘సెన్సర్ పాడైంది’ అని చెప్పడం లేదు. సెన్సర్ నుంచి ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్‌కు వెళ్లే దారిలో వోల్టేజి ఉండవలసినదాని కంటే ఎక్కువగా ఉందని మాత్రమే చెబుతోంది. ఆ దారిలో సెన్సర్ ఉంది, కనెక్టర్ ఉంది, రెండు వైర్లు ఉన్నాయి, చివర కంప్యూటర్ ఉంది. ఎక్కడ తెగినా ఇదే అంకె వస్తుంది. స్కానర్లు మాకు కొత్తగా వచ్చిన రోజుల్లో ఈ సంగతి తెలియక ఒకాయన బండికి ఇదే సెన్సర్ రెండుసార్లు మార్చాను. మొదటిది నకిలీ సరుకేమో అనుకుని రెండోది తెచ్చాను. లైటు మళ్లీ వెలిగింది. చివరికి చూస్తే బ్యాటరీ పళ్లెం కింద వైరును ఎలుక కొరికేసింది. రెండు సెన్సర్ల ఖర్చూ నేనే భరించాను. ఆ పెద్దమనిషి ఒక్క మాటా అనలేదు, కానీ మళ్లీ నా షెడ్డు వైపు రాలేదు. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఎలుకలు ఎంత బలిసి ఉన్నాయో కిందటి దసరాకు వచ్చినప్పుడు చూశాను కాబట్టి ఇది ముందే చెబుతున్నాను.

ఆ సెన్సర్ చేసే పని తెలిస్తే మిగతాది తేలిక. మా కాలంలో చలికాలం పొద్దున అంబాసిడర్ స్టార్టు చేయాలంటే చోక్ లాగేవాళ్లం. చల్లటి ఇంజన్‌లో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు, గోడలకు అంటుకుంటుంది, అందుకని కాస్త ఎక్కువ పొయ్యాలి. వేడెక్కాక చోక్ లోపలికి నెట్టాలి, మరిచిపోతే నల్ల పొగ. ఇప్పుడు ఆ చోక్ లాగే చెయ్యి కంప్యూటర్‌ది, దానికి ‘ఇంకా చల్లగా ఉంది’ అనో ‘ఇక చాలు’ అనో చెప్పే నోరు ఈ సెన్సర్. లోపల ఉన్నది వేడెక్కేకొద్దీ నిరోధం తగ్గే ఒక చిన్న బిళ్ల, అంతే. దారి తెగిపోతే నిరోధం అనంతమైనట్టు లెక్క, అంటే కంప్యూటర్ దృష్టిలో భయంకరమైన చలి. అందుకే నీ ఫోన్‌లో కూలెంట్ ఉష్ణోగ్రత మైనస్ 40 అని కనిపించింది. లంబసింగిలో సున్నా దగ్గరికి వస్తేనే పేపర్లో వేస్తారు, హైదరాబాదులో మైనస్ 40 అని నీ బండి నమ్ముతోంది. మైలేజి పడిపోయింది, ఫ్యాను ఆగకుండా తిరుగుతోంది అన్నావు, రెండూ దీనికి సరిపోతున్నాయి. ఏమీ తెలియని స్థితిలో ఇంజన్ కాలిపోకుండా ఫ్యాను తిప్పుతూ ఉండమని కంప్యూటర్‌కు నేర్పారు.

ఇక పరీక్ష. దీనికి కావలసింది ఒక సన్నటి వైరు ముక్క, నీ దగ్గరున్న స్కానర్, కొంచెం ఓపిక. తాళం ఆపి, సెన్సర్ కనెక్టర్ మీద ఉన్న నాలుకను నొక్కి ఊడదియ్యి. వైర్లు పట్టుకుని లాగితే పని రెండింతలవుతుంది. లోపల పచ్చటి చిలుము పట్టిందా, పిన్ను వంగిందా, వైరు మెడ దగ్గర పగిలిందా చూడు. తరవాత వైర్ల వైపు ఉన్న కనెక్టర్ రెండు రంధ్రాల మధ్య ఆ సన్నటి వైరు పెట్టి రెండింటినీ కలుపు. లావు వైరు దూర్చకు, లోపలి పట్టు వదులైపోయి కొత్త రోగం పుడుతుంది. ఇప్పుడు ఇంజన్ స్టార్టు చేయకుండా తాళం మాత్రం ఆన్ చేసి స్కానర్ చూడు. మైనస్ 40 నుంచి ఒక్కసారిగా 100 దాటిపోయిందంటే వైర్లు బాగున్నాయి, కంప్యూటర్ బాగుంది, దోషి సెన్సరే. అలా కాక మైనస్ 40 దగ్గరే కూర్చుందంటే సెన్సర్ నిర్దోషి. వైరు వెంట చేయి పెట్టి తెగిన చోటు వెతుక్కో, డబ్బు మిగిలినట్టే.

రెండు హెచ్చరికలు. ఈ వైరు ఆట రెండు వైర్లే ఉన్న కూలెంట్ సెన్సర్‌కు మాత్రమే. మూడు వైర్ల సెన్సర్ల దగ్గర ఇలా కలిపితే కంప్యూటర్‌కే ఎసరు. రెండోది, కనెక్టర్ ఊడదీసి తాళం ఆన్ చేయగానే ఫ్యాను చెప్పకుండా మొదలవుతుంది. చేతులు, చొక్కా అంచులు దాని దగ్గర ఉండకూడదు.

సెన్సరే దోషి అని తేలాక కూడా మల్టీమీటరుతో ఒకసారి అడుగు. సెన్సర్ రెండు పిన్నుల మధ్య నిరోధం ఓమ్‌లలో చూడు. గది వేడిలో సుమారు 2000 ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర 300 దరిదాపుల్లో ఉండటం ఈ రకం సెన్సర్లలో మామూలు. అనంతం అని చూపిస్తే చచ్చిందని అర్థం. చల్లగా ఉన్నప్పుడు చక్కగా పలికి, వేడెక్కాక తెగిపోయే గడుసువీ ఉంటాయి. అలాంటి అనుమానం వస్తే, సెన్సర్ బయటికి తీశాక దాని కొనను నీళ్లగిన్నెలో ముంచి, పక్కన థర్మామీటరు పెట్టి, సన్నని మంట మీద వేడి చేస్తూ అంకె ఎలా దిగుతుందో చూడు. మెట్టు మెట్టుగా కాకుండా నున్నగా దిగాలి. కొత్తది బిగించే ముందు దాన్నీ ఇలాగే చూసుకోవడం నా అలవాటు. అందుకు వాడే గిన్నె మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు, ఎందుకో కింద రాస్తాను.

కొనేటప్పుడు బొమ్మ చూసి కొనకు. నీ బండి ఛాసిస్ నంబరు చెప్పి, విడిభాగం నంబరు కలిపి చూసి తీసుకో. రాణిగంజ్‌లో దుకాణం నడిపేవాడికి ఆ నంబరు చాలు. సగం ధరకే ఇస్తానన్నాడంటే నకిలీ. పాత బండ్లలో డ్యాష్‌బోర్డు ముల్లుకు ఒకటి, కంప్యూటర్‌కు ఒకటి, రెండు వేర్వేరు ఉండేవి. ముల్లుది ఒంటి వైరు. పక్కపక్కనే ఉండటంతో ఎందరో ఒకదానికి బదులు ఇంకొకటి మార్చి తల పట్టుకున్నారు. నీది 2014 బండి, ఒకటే ఉండవచ్చు, అయినా చూసుకో. సెన్సర్‌తో పాటు కొత్త వాషరో రబ్బరు రింగో, ఏది ఉంటే అది, తీసుకో. నీ బండి పుస్తకంలో ఏ రకం కూలెంట్ రాశారో అదే ఒక లీటరు తెచ్చుకో. రంగు చూసి కలపకు. పచ్చవన్నీ ఒకటి కావు, ఎర్రవన్నీ ఒకటి కావు.

నా కుడి ముంజేతి మీద మచ్చ ఏమిటని చిన్నప్పుడు అడిగేవాడివి, గుర్తుందా? వేడి ఇంజన్ రేడియేటర్ మూత తీసిన ఫలితం అది. మూత బిగించి ఉండగా లోపల ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడిలో నీళ్లు 100 దాటినా మరగవు, 110, 115 దగ్గర కూడా నీళ్లలాగే ఉంటాయి. మూత తీయగానే ఒత్తిడి పోయి అవి ఒక్కసారిగా మరిగి, ఆవిరితో కలిసి మొహం మీదికి లేస్తాయి. నాకు అప్పుడు 19 ఏళ్లు, తొందర. అందుకని శనివారం రాత్రి బండి ఆపేసి, ఆదివారం పొద్దున పని పెట్టుకో. మూత చేత్తో ముట్టుకుంటే చల్లగా ఉండాలి. అప్పుడు నెమ్మదిగా తిప్పి తీసి, మళ్లీ పెట్టెయ్యి. లోపలి ఒత్తిడి పోతుంది, మూత ఉన్నందువల్ల సెన్సర్ తీసినప్పుడు నీళ్లు తక్కువ కారతాయి. కొన్ని బండ్లకు రేడియేటర్ మీద మూతే ఉండదు, పక్కనున్న డబ్బా మూతే ఆ పని చేస్తుంది. ఆ మూతకూ ఇంతే మర్యాద.

తాళం చెవి జేబులో వేసుకుని, బ్యాటరీ నెగటివ్ తీసెయ్యి. తీస్తే కంప్యూటర్ జ్ఞాపకం చెరిగిపోతుంది కాబట్టి కోడు ముందే రాసి పెట్టుకో. నీ ఫోటోలో సెన్సర్ థర్మోస్టాట్ (కూలెంట్ దారిని తెరిచి మూసే కవాటం) గూడు పక్కన, ఎయిర్ ఫిల్టర్ గొట్టం కింద ఉన్నట్టుంది. ఆ గొట్టం తీస్తే చేయి పడుతుంది. ప్రతి భాగం తీసే ముందు ఒక ఫోటో తీసుకో. మా రోజుల్లో ఈ సౌకర్యం ఉంటే నేను ఎన్ని మరలు మిగుల్చుకునేవాడిని కాదో.

సెన్సర్ నట్టుకు సరిపోయే లోతైన సాకెట్ కావాలి. చాలా వాటికి 19 నంబరు పడుతుంది, నీదాన్ని కొలిచి చూసుకో. అది దొరక్కపోతే అరువు తెచ్చుకో కానీ కటింగ్ ప్లేయర్‌తో మాత్రం పట్టకు, పైనున్న ప్లాస్టిక్ తల విరిగి ఊడుతుంది. మర లేకుండా క్లిప్పుతో పట్టి ఉండే రకమైతే క్లిప్పు లాగితే సరి. కింద ఒక ట్రే పెట్టు. కొత్త సెన్సర్ వాషరుతో సహా ఎడమ చేతిలో ఉండాలి. కుడి చేత్తో పాతదాన్ని విప్పి తీయగానే రంధ్రానికి వేలు అడ్డం పెట్టి, మరుక్షణం కొత్తది పెట్టెయ్యి. కూలెంట్ ఒకటి రెండు చాయ్ గ్లాసుల కంటే ఎక్కువ పోదు. పాతది ఓ మోస్తరు బలానికి కదలకపోతే తుప్పు వదిలించే నూనె కొట్టి అరగంట ఆగు. అప్పటికీ కదలకపోతే అక్కడితో ఆపి మెకానిక్‌ను పిలువు. లోపల విరిగితే ఇంజన్ పైభాగమైన హెడ్డు విప్పేదాకా వెళ్లవచ్చు, ఆ ఖర్చు ముందు ఆయన అడిగే కూలి ఎంత?

బిగింపు దగ్గరే కొత్తవాళ్లు పాడు చేస్తారు. సెన్సర్ కూర్చునేది అల్యూమినియంలో, మెత్తటి లోహం. మొదటి మూడు నాలుగు చుట్లు వేళ్లతోనే తిరగాలి. వేళ్లకు తిరగలేదంటే మర అడ్డం పడింది, వెనక్కి తీసి మళ్లీ పెట్టు. తరవాత పానా. చిన్న పెట్రోలు బండ్లలో దీని బిగింపు 15 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, కచ్చితమైన అంకె నీ బండి సర్వీసు పుస్తకంలో చూడు. 15 అంటే జానెడు కంటే తక్కువ, 15 సెంటీమీటర్ల పానా కొసను పది కిలోల బియ్యం సంచి లాగినంత. జిమ్‌కు వెళ్లే నీ భుజానికి అది చాలా తక్కువగా అనిపిస్తుంది. అనిపించనీ. మరకు టేపు చుట్టకు, కొత్త వాషరు ఉండగా దానితో పని లేదు.

కారిన కూలెంట్‌ను అలాగే వదిలి పైకి వెళ్లిపోకు. అది తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు, పిల్లులు నాకి చచ్చిపోతాయి, పసిపిల్లలకూ ప్రమాదమే. పాత బట్టతో పూర్తిగా ఎత్తి, నీళ్లతో కడుగు. గిన్నె సంగతి ఇదే.

తరవాత నింపడం. తయారుగా కలిపి అమ్మేదైతే అలాగే పొయ్యి, చిక్కటిదైతే సమానంగా డిస్టిల్డ్ వాటర్ కలుపు. మీ బోరు నీళ్లు బకెట్‌నే తెల్లగా చేస్తాయి, ఇంజన్ లోపల ఏం చేస్తాయో ఆలోచించు. బ్యాటరీ తగిలించి, బండిని సెల్లార్‌లోంచి ఆరుబయటికి తీసుకురా. మూసిన చోట ఇంజన్‌ను పావుగంట ఆడనివ్వడం ప్రాణం మీదికి తెస్తుంది, ఆ పొగలో వాసన లేని విషవాయువు ఉంటుంది. హీటర్ మీట పూర్తిగా వేడి వైపు పెట్టి, మూత తీసి ఉంచి, చల్లటి ఇంజన్‌ను స్టార్టు చెయ్యి. రేడియేటర్ పై గొట్టాన్ని అప్పుడప్పుడు నొక్కితే బుడగలు వస్తాయి, మట్టం తగ్గుతుంది, పోస్తూ ఉండు. బుడగలు ఆగాక, నీళ్లు పొంగక ముందే మూత బిగించు. డబ్బాకే మూత ఉన్న రకమైతే గాలి తీసే పద్ధతి పుస్తకంలో వేరుగా రాసి ఉంటుంది, అదే చెయ్యి. లోపల గాలి మిగిలితే కొత్త సెన్సర్ కొన నీళ్లలో కాకుండా గాలిలో వేలాడి మళ్లీ అబద్ధాలు చెబుతుంది, అప్పుడు నువ్వు నన్ను తిట్టుకుంటావు. ఫ్యాను తనంతట తాను మొదలై, ఆగి, మళ్లీ మొదలయ్యేదాకా చూడు. కోడు ఇంకా మిగిలి ఉంటే చెరిపెయ్యి. చుట్టుపక్కల ఓ చుట్టు తిరిగి వచ్చి, సెన్సర్ మొదట్లో వేలు పెట్టి తడి ఉందేమో చూసుకో.

పని అయిందని అప్పుడే నాకు ఫోన్ చేయకు. సోమవారం పొద్దున, తాళం ఆన్ చేసి, ఇంజన్ స్టార్టు చేయక ముందు స్కానర్‌లో రెండు అంకెలు చూడు. ఒకటి కూలెంట్ ఉష్ణోగ్రత, రెండోది ఇంజన్ పీల్చే గాలి ఉష్ణోగ్రత. రాత్రంతా నిలబడిన బండిలో రెండూ ఇంచుమించు ఒకటే ఉండాలి, రెండు మూడు డిగ్రీల తేడా పరవాలేదు. మట్టం కాస్త తగ్గి ఉంటే డబ్బాలో గీతల మధ్యకు నింపు. ఆ రెండు అంకెల ఫోటో నాకు పంపు. పాత సెన్సర్ పారేయకుండా దాచు, సంక్రాంతికి వచ్చేటప్పుడు తీసుకురా, కోసి లోపల ఆ బిళ్ల ఎలా ఉంటుందో చూపిస్తాను. గిన్నె ఏమైందని మీ అమ్మ అడిగితే నా పేరు చెప్పకు.

మీ మామయ్య