తాతయ్య పద్దుల పుస్తకం: ముందు అంకెలు చూడు

చి. లలితకు పెదనాన్న ఆశీస్సులు.

తాతయ్య పద్దుల పుస్తకాన్ని ఫోనుతో ఫొటోలు తీశావని, పసుపెక్కిన ఆ పేజీలను పైథాన్‌తో శుభ్రం చేయాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. మంచి పని పెట్టుకున్నావు. దీనికి పైథాన్‌లో ఫొటోలను తెరిచి మార్చే పిల్లో, అంకెల పట్టికలను లెక్కకట్టే నంపై అనే రెండు లైబ్రరీలు చాలు. ఓపెన్‌సీవీ అనే ఇంకో లైబ్రరీ జోలికి ఇప్పుడే పోకు. అది రంగులను నీలం, ఆకుపచ్చ, ఎరుపు అని తిరగేసి ఇస్తుంది, ఆ తికమక నీకిప్పుడు అనవసరం.

ఫొటో తెరవగానే ఏదో ఒకటి మార్చేయాలని చేతులు దురద పెడతాయి. ఆగు. పిల్లోలోని గెట్‌పిక్సెల్‌తో కాగితం మీద ఒక చుక్క (పిక్సెల్), సిరా మీద ఒక చుక్క చదివి అంకెలు చూడు. ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరుసలో మూడు అంకెలు, ఒక్కోటి 0 నుంచి 255 దాకా. కాగితం 226, 205, 160 అనీ, నీలం సిరా 60, 65, 110 అనీ వచ్చాయనుకో. నీలం పొరలో, అంటే నీలం అంకెల్లో, రెండింటికీ తేడా 50 మాత్రమే, ఎరుపు పొరలో 166. నలుపు తెలుపుగా మారిస్తే పిల్లో మూడు రంగులనూ కలిపేస్తుంది కాబట్టి తేడా 137 దగ్గర ఆగిపోతుంది. అంటే నీకు కావలసింది ఎరుపు పొర ఒక్కటే. స్ప్లిట్‌తో విడదీసి, 140 కన్నా ఎక్కువున్న చోటల్లా తెలుపు చేసి చూడు, పేజీ తేటపడుతుంది. అయితే తాతయ్య మొత్తాలను ఎర్ర సిరాతో వేసేవారు. ఎరుపు పొరలో ఎర్ర సిరాకూ కాగితంలాగే పెద్ద అంకె వస్తుంది కాబట్టి ఆ మొత్తాలు మాయమైపోతాయి. అలాంటి పేజీలకు ఆకుపచ్చ పొర తీసుకో.

ఒక్కో ఫొటోలో కోటికి పైగా పిక్సెళ్లు ఉంటాయి. ఒక్కోదాన్నీ గెట్‌పిక్సెల్‌తో చదివి, పుట్‌పిక్సెల్‌తో మార్చి రాస్తూ లూపు తిప్పుతూ కూర్చుంటే తెల్లారుతుంది. నంపై అర్రేగా, అంటే అంకెల పట్టికగా మార్చి ఒకేసారి లెక్క కట్టు. అక్కడ వరుస ముందు, నిలువు తర్వాత. పిల్లోలో దీనికి తలకిందులు. ఇది తప్పినా చాలాసార్లు ఎర్రర్ రాదు, వేరే చోటి పిక్సెల్ మారిపోతుంది, అంతే.

కాగితాన్ని ఇంకాస్త తెల్లగా చేద్దామని 40 కలపబోతావేమో! ఆ అర్రేలో ఒక్కో రంగు అంకె ఉండే ఎనిమిది బిట్ల గడిలో 255 దాటితే మళ్లీ సున్నా నుంచి మొదలు. 226కి 40 కలిపితే 266 కాదు, 10. తెల్లబడాల్సిన కాగితం నల్లబడుతుంది. ముందు పెద్ద పూర్ణాంకాలుగా మార్చి, కలిపి, క్లిప్‌తో 255 దగ్గర కత్తిరించి, మళ్లీ ఎనిమిది బిట్లకు తెచ్చుకో.

ఫోను ఫొటోలు కొన్ని పక్కకు వాలి తెరుచుకుంటాయి. ఎగ్జిఫ్ ట్రాన్స్‌పోజ్ అనే ఫంక్షన్ వాటిని నిలబెడుతుంది. సేవ్ చేసేది పీఎన్‌జీలోనే. జేపెగ్ అయితే అక్షరాల అంచుల్లో మళ్లీ బూడిదరంగు మరకలు తెస్తుంది. అసలు ఫొటోల మీద మాత్రం దేన్నీ సేవ్ చేయకు, వేరే ఫోల్డరు పెట్టుకో.

ఎర్ర సిరా ఉన్న పేజీ ఒకటి ముందు చేసి పంపు. అసలు ఫొటో కూడా జత చేయి, పోల్చి చూసి 140 సరిపోయిందో, తగ్గించాలో చెబుతాను.

మీ పెదనాన్న