మొదటిసారి కాశీ: టూర్ బస్సా, సొంతంగానా?

ప్రశ్న: మాది బరంపురం. అత్తగారితో మొదటిసారి కాశీ, గయ వెళ్దామనుకుంటున్నాం. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, మాకు హిందీ అంతంతమాత్రం. టూర్‌వాళ్లతో వెళ్లడం మంచిదా?

జవాబు: హిందీ గురించి టెన్షన్ వద్దమ్మా, ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా మాట్లాడుకుంటూ బతుకుతున్నవాళ్లు మీరు, పైగా కాశీలో కేదార ఘాట్ చుట్టుపక్కల తెలుగువాళ్ల సత్రాలున్నాయి. చూడాల్సింది మోకాళ్లు. టూర్‌లో అందరితో పాటు పరుగెత్తాలి, గుడి సందుల్లోకి బస్సు ఎలాగూ రాదు. మా అమ్మను అలాగే తీసుకెళ్తే విశ్వనాథుణ్ణి చూసింది గానీ గంగ ఒడ్డున కాసేపు కూర్చోలేకపోయింది, నాకది ఇప్పటికీ బాధే.

కాశీకి మీరే వెళ్లండి. తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలంటారు పెద్దలు, కనీసం నాలుగైనా ఉండండి. ర్యాంపు ఉన్న నమో ఘాట్‌లో పడవ ఎక్కించి, దశాశ్వమేధ ఘాట్ హారతిని నీళ్ల మీంచే చూపించండి, మెట్ల మీద తోపులాట తప్పుతుంది.

గయ మాత్రం వేరు. దాదాపు 250 కిలోమీటర్లు, పైగా పిండప్రదానం పని. సత్రంవాళ్లను అడిగి కారు, తెలుగు తెలిసిన పురోహితుణ్ణి ముందే మాట్లాడుకోండి, దక్షిణతో సహా మొత్తం ఎంతో బయలుదేరకముందే తేల్చుకోండి.