ఫ్లైట్ సిమ్యులేటర్ పీసీకి ముందు ప్రాసెసర్, ఆ తర్వాతే గ్రాఫిక్స్ కార్డు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదండీ. ఉండేది కాకినాడ. రిటైరైన మీ నాన్నగారికి విమానాలంటే ప్రాణం. ఆయన కోసం కంప్యూటర్ మీద విమానం నడిపించే మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2024, ఎక్స్-ప్లేన్ 12 రెండూ నడిచేలా అసెంబుల్డ్ పీసీ చేయించాలి. బడ్జెట్ లక్షా పాతిక వేలు. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్ ఇంట్లోనే ఉంది. షాపువాళ్లు ఇచ్చిన కొటేషన్‌లో మామూలు ఆరు కోర్ల ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 500 జీబీ ఎస్ఎస్‌డీ, 12 జీబీ గ్రాఫిక్స్ కార్డు, కంపెనీ పేరు రాయని 500 వాట్ల ఎస్ఎమ్‌పీఎస్ (పీసీ భాగాలకు కరెంటు ఇచ్చే పెట్టె) ఉన్నాయి. డబ్బులో సగం దాకా కార్డుకే పోతోంది. తీసుకోవచ్చా అని అడిగారు.

వద్దండీ. షూటింగ్ గేమ్‌లు ఆడే కుర్రాడికైతే ఆ లిస్టు చక్కగా సరిపోతుంది. ఫ్లైట్ సిమ్ పనితీరు వేరు. దాదాపు ఇలాంటి లిస్టే కొని, ఏడాదిన్నర అవస్థ పడి, మళ్లీ ఖర్చు పెట్టుకున్నాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

నేను హైదరాబాద్ ప్రకాశ్‌నగర్‌లో పెరిగాను. బేగంపేట విమానాశ్రయం పక్కనే. మేడ మీద నిలబడితే దిగే విమానం చక్రాలు కనిపించేవి. 2008 మార్చిలో శంషాబాద్ మొదలయ్యాక అక్కడ ప్రయాణికుల విమానాల రాకపోకలు ఆగిపోయాయి. 2021లో పీసీ కొన్నప్పుడు నేను మొదట చేసిన పని సిమ్యులేటర్‌లో బేగంపేట తెరవడం. సెస్నా 172 అనే చిన్న విమానంలో సికింద్రాబాద్ మీదుగా వచ్చి 27 రన్‌వే మీద దిగాను. ఆ రోజు సంతోషం ఇప్పటికీ గుర్తుంది. మీ నాన్నగారికి మీరు ఇవ్వబోయేది అదే, అందుకే ఈ కొనుగోలు సరిగ్గా జరగాలని నా ఆరాటం.

ఆ ఏడాది చిప్‌ల కొరతతో కార్డుల ధరలు మండిపోతున్నాయి. అయినా ఉన్న డబ్బులో ఎక్కువ భాగం ఆర్‌టీఎక్స్ 3070 కార్డు మీద పెట్టి, ప్రాసెసర్ దగ్గర రైజెన్ 5 5600ఎక్స్‌తో సరిపెట్టాను. చిన్న విమానంతో అంతా హాయిగా నడిచింది. తర్వాత ఫ్లైబైవైర్ వాళ్లు ఉచితంగా ఇచ్చే ఏ320 నియో అనే పెద్ద ప్రయాణికుల విమానం వేసుకుని శంషాబాద్ గేటు దగ్గర కూర్చున్నాను. సెకనుకు 28, 29 ఫ్రేములు, అంటే తెర మీద మారే బొమ్మలు అన్నే. కాక్‌పిట్‌లో చూపు పక్కకు తిప్పితే బొమ్మ ఒక క్షణం ఆగి అప్పుడు కదిలేది. రన్‌వే దగ్గర పడి, ముక్కు ఎత్తాల్సిన ఆ రెండు మూడు సెకన్లలోనే జర్క్ వచ్చేది. మేఘాలు తగ్గించాను, నీడలు తగ్గించాను, రిజల్యూషన్ కూడా తగ్గించాను. ఫ్రేములు మాత్రం అక్కడే ఉన్నాయి.

కార్డు మీద భారం తగ్గించినా ఫ్రేములు పెరగలేదంటే అడ్డం పడుతున్నది కార్డు కాదన్న మాట. మైక్రోసాఫ్ట్ సిమ్‌లో డెవలపర్ మోడ్ అని ఉంటుంది. అది ఆన్ చేసి ఫ్రేముల లెక్క తెరిస్తే ఎక్కడ ఆలస్యమవుతోందో అదే రాసి చూపిస్తుంది. నాకు 'లిమిటెడ్ బై మెయిన్‌థ్రెడ్' అని కనిపించింది. ఒక్కో ఫ్రేముకు ప్రాసెసర్ 34 మిల్లీసెకన్లు తీసుకుంటోంది, కార్డు 13లో తన పని ముగించి ఎదురుచూస్తోంది. సెకనుకు 30 ఫ్రేములు రావాలంటే ఒక్కో ఫ్రేముకు ఉండే గడువు 33 మిల్లీసెకన్లే. 60 కావాలంటే 16.7.

ఎందుకలా అంటే, విమానం గాలిలో ఎలా కదలాలో లెక్క, ఇంజిన్లు, హైడ్రాలిక్స్, కాక్‌పిట్‌లోని తెరలు, చుట్టూ తిరిగే విమానాలు, ఏ ఇల్లు ఏ చెట్టు గీయాలో కార్డుకు చెప్పడం, వీటిలో చాలా భాగం ఒకే వరుసలో, ఒకే కోర్ (ప్రాసెసర్‌లో విడిగా లెక్కలు చేసే భాగం) మీద నడుస్తుంది. ఈ వరుసనే మెయిన్‌థ్రెడ్ అంటారు. మిగతా కోర్లు ఖాళీగా ఉన్నా ఈ వరుస ముందుకు జరగదు. 2024 వెర్షన్‌లో పనిని ఎక్కువ కోర్లకు పంచారు, కొంత తేడా ఉంది. కానీ పెద్ద విమానంతో పెద్ద ఎయిర్‌పోర్టులో కూర్చుంటే ఇప్పటికీ ముందు అలిసిపోయేది ఆ ఒక్క కోరే. ఎక్స్-ప్లేన్ కూడా ఈ విషయంలో దాదాపు ఇంతే.

ఇక్కడే క్యాష్ మెమరీ సంగతి వస్తుంది. వంట చేసేటప్పుడు పోపుల డబ్బా పొయ్యి పక్కనే ఉండటం వేరు, ఆవాలకొకసారి జీలకర్రకొకసారి లోపలి గదిలోకి వెళ్లి రావడం వేరు. ప్రాసెసర్‌కు క్యాష్ పోపుల డబ్బా, ర్యామ్ లోపలి గది. ఫ్లైట్ సిమ్ ఒక్కో ఫ్రేముకు ఎక్కడెక్కడి దినుసులో అడుగుతుంది, కాబట్టి డబ్బా ఎంత పెద్దదైతే అంత లాభం. ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ల పేర్లలో చివర ఎక్స్3డి అని ఉన్నవి ఈ డబ్బా పెద్దగా ఉన్న ప్రాసెసర్లు. నా 5600ఎక్స్‌లో ఎల్3 క్యాష్ 32 ఎంబీ, 5800ఎక్స్3డిలో 96 ఎంబీ.

2022 చివర్లో అదే మదర్‌బోర్డు మీద పాతది తీసి 5800ఎక్స్3డి పెట్టించాను. పాత ప్రాసెసర్ ఉండగానే బయోస్ (పీసీని మొదలుపెట్టే, మదర్‌బోర్డులోని సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయాలి, ఆ వరుస మరిచిపోతే కొత్తదానితో పీసీ ఆన్ కాకపోవచ్చు. కార్డు, ర్యామ్, సెట్టింగులు ఏవీ మార్చలేదు. అదే ఏ320, అదే గేటు. 34 మిల్లీసెకన్లు 22కు దిగింది. ఫ్రేములు 45 పైకి వచ్చాయి. అంతకన్నా ముఖ్యం, దిగేటప్పటి జర్క్ పోయింది. వీలైతే మొదట్లోనే ఎక్స్3డి రకం కొనండి అని నేను చెప్పేది అందుకే.

ఇప్పుడు మీ లిస్టు. ధరలు వారం వారం మారుతున్నాయి, అందుకని రూపాయలు రాయను, ఏది ముందు ఏది వెనక అన్నది మాత్రం చెబుతాను.

ప్రాసెసర్ రైజెన్ 7 7800ఎక్స్3డి అడగండి. ఎనిమిది కోర్లు, 96 ఎంబీ క్యాష్. దీని తర్వాత 2024 నవంబరులో వచ్చిన 9800ఎక్స్3డి ఇంకా వేగం, కానీ మీ బడ్జెట్‌లో అది కొంటే మిగతావన్నీ చిక్కిపోతాయి. 7800 కూడా అందకపోతే, అది కూర్చునే ఏఎమ్5 సాకెట్ ఉన్న బోర్డు మీదే ఇప్పటికి రైజెన్ 5 7600 పెట్టించండి. ఏఎమ్5 సాకెట్‌ను 2027 దాటాక కూడా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది, కాబట్టి రెండేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవచ్చు. నన్ను కాపాడింది ఆ వీలే. బోర్డు విషయంలో ఖరీదైనది అక్కర్లేదు, బీ650 రకం మధ్యస్థంగా ఉన్నది చాలు.

ర్యామ్ 16 జీబీ అసలు ఒప్పుకోకండి. మైక్రోసాఫ్ట్ 2024 సిమ్‌కు కనీసం 16, సిఫారసు 32, ఆదర్శం 64 అని వాళ్లే చెప్పారు. 32 తీసుకోండి, అది కూడా ఒకే స్టిక్ కాకుండా 16 జీబీవి రెండు. డీడీఆర్5 6000 వేగం రైజెన్‌కు బాగా కుదురుతుంది. నాలుగు స్టిక్కులు పెడితే ఏఎమ్5 మీద వేగం తగ్గించాల్సి వస్తుంది, ఆ దారి వద్దు. ఇంకొక మాట. ర్యామ్ తన అసలు వేగంతో నడవాలంటే బయోస్‌లో ఎక్స్‌పో (పాత డీడీఆర్4 ర్యామ్‌కైతే ఎక్స్ఎమ్‌పీ) అనే సెట్టింగ్ ఆన్ చేయాలి. నా మొదటి పీసీ బిగించిన వాళ్లు ఆ పని చేయలేదు, నాకూ తెలియదు. 3200 వేగం ర్యామ్ ఎనిమిది నెలలు 2133 మీద నడిచింది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ తెరిస్తే వేగం కనిపిస్తుంది, ఇంటికి తెచ్చిన రోజే చూడండి.

గ్రాఫిక్స్ కార్డు ముఖ్యం కాదని నేను అనడం లేదు. మీది ఫుల్ హెచ్‌డీ మానిటర్ కాబట్టి కొటేషన్‌లో ఉన్నంత ఖరీదైనది అక్కర్లేదు, అంతే. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ గానీ ఆర్ఎక్స్ 9060 ఎక్స్‌టీ గానీ చాలు. కానీ జాగ్రత్త, ఈ రెండూ అదే పేరుతో 8 జీబీ, 16 జీబీ రెండు రకాలుగా వస్తాయి. మీరు 16 జీబీ అని కొటేషన్‌లో రాయించుకోండి. కార్డు మెమరీ నిండిందంటే ఫ్రేములు మెల్లగా తగ్గవు, ఒక్కసారిగా కుప్పకూలుతాయి. నా 8 జీబీ కార్డుతో లండన్, న్యూయార్క్ లాంటి చోట్ల అది చాలాసార్లు చూశాను. ఫ్రేమ్ జనరేషన్ అనే సదుపాయం గురించి షాపులో చాలా చెబుతారు. ఆకాశంలో ఎగురుతున్నప్పుడు బొమ్మ నున్నగా కనిపిస్తుంది, నేనూ వాడతాను. అయితే మధ్యలో చేర్చిన ఫ్రేములు చేతికి స్పందించవు. జాయ్‌స్టిక్ కదిపినప్పటి ఆలస్యం దానివల్ల తగ్గదు, కాబట్టి అసలు ఫ్రేములు సరిగా ఉన్నాకే దానివల్ల ఉపయోగం.

ఎస్ఎస్‌డీ 1 టీబీ, ఎన్‌వీఎమ్ఈ అనే వేగమైన రకం. 2020 వెర్షన్ 150 జీబీ జాగా అడిగేది, 2024 దాదాపు 50తో సరిపెట్టి మిగతాది ఎగురుతుండగా ఇంటర్నెట్ నుంచి తెచ్చుకుంటుంది. దానివల్ల ఇంటర్నెట్ కూడా పీసీలో ఒక భాగమైపోయింది. 50 ఎంబీపీఎస్ ఉండాలి, 100 ఉంటే మేలు. వైఫై కాకుండా రౌటర్ నుంచి లాన్ వైరు లాగండి. మా ఇంట్లో నేల మసక మసకగా కనిపించే సమస్య ఆ వైరుతోనే తీరింది.

కంపెనీ పేరు లేని ఎస్ఎమ్‌పీఎస్ మాత్రం దయచేసి పెట్టించకండి. దీని మీద నేను గట్టిగా చెబుతాను. పేరున్న కంపెనీది, కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ లేదా గోల్డ్ గుర్తు, 650 వాట్లు, అయిదేళ్లకు తక్కువ కాని వారంటీ ఉన్నది తీసుకోండి. అలాంటి పేరులేనిది మా తమ్ముడి పీసీలో కాలిపోతూ మదర్‌బోర్డును కూడా తీసుకుపోయింది. ఇంట్లో ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి, క్యాబినెట్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటే అది లేనట్టే. 1 కేవీఏ యూపీఎస్ ఒకటి ఉంటే కరెంటు పోయినా పీసీని పద్ధతిగా ఆపుకోవచ్చు.

మీ ఊరి ఉక్కపోత తెలుసు కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. ముందువైపు అద్దం ఉన్న క్యాబినెట్లు అందంగా ఉంటాయి, గాలి ఆడదు. ముందు జాలీ ఉన్నది తీసుకోండి. ప్రాసెసర్ మీదకు మంచి టవర్ ఎయిర్ కూలర్ చాలు, వాటర్ కూలింగ్ అవసరం లేదు. ఏసీ లేని గదిలో మే నెల మధ్యాహ్నాలు మా పీసీ అలాగే గడిపింది.

ఇక మీరు అడగనిది ఒకటి. జాయ్‌స్టిక్‌కు డబ్బు పక్కన పెట్టారా? కీబోర్డుతో విమానం దించడం పెద్దాయనకు రెండు రోజుల్లో విసుగొస్తుంది. మామూలు జాయ్‌స్టిక్కుల్లో లోపల అరిగే పొటెన్షియోమీటర్లు ఉంటాయి. నాది ఏడాదికే, చెయ్యి వదిలేసినా ఎడమకు లాగడం మొదలుపెట్టింది. అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్ ఉన్నది అడగండి, థ్రస్ట్‌మాస్టర్ టీ.16000ఎమ్ అలాంటిదే. పిడిని మెలితిప్పితే రడ్డర్ (విమానం ముక్కును పక్కకు తిప్పే తోక పలక) కదులుతుంది కాబట్టి కాలితో తొక్కే పెడల్స్ కూడా ఇప్పుడే అక్కర్లేదు. బడ్జెట్ చాలకపోతే కార్డు ఒక మెట్టు తగ్గించండి గానీ జాయ్‌స్టిక్ మానకండి. తల కదిపితే కాక్‌పిట్‌లో చూపు కదిలేలా చేసే ఓపెన్‌ట్రాక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, మామూలు వెబ్‌క్యామ్‌తో నడుస్తుంది. మీ నాన్నగారికి తప్పక నచ్చుతుంది.

బిల్లు మీద ప్రతి భాగం పూర్తి మోడల్ పేరు, సీరియల్ నంబరు రాయించుకోండి, ఖాళీ పెట్టెలన్నీ ఇంటికి తెచ్చుకోండి. వారంటీకి అవే ఆధారం.

పీసీ వచ్చాక రాజమండ్రిలో చిన్న విమానం తీసి గోదావరి మీద ఒక చుట్టు కొట్టించండి. ఆ తర్వాత ఏ320తో విశాఖ గేటు దగ్గర కూర్చుని డెవలపర్ మోడ్ తెరిచి, మెయిన్‌థ్రెడ్, జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) రెండింటి మిల్లీసెకన్లు ఇక్కడ రాయండి. మొదటిది ఎక్కువైతే టెరైన్ లెవెల్ ఆఫ్ డీటెయిల్ అనే స్లయిడర్ తగ్గించాలి, రెండోది ఎక్కువైతే మేఘాలు, నీడలు. ఆ రెండు అంకెలు చూసి ఏది ఎంత పెట్టాలో చెబుతాను.