టెక్ సందేహాలు: ఎండకు అలిసిపోయే ఫజ్ పెడల్

ప్రశ్న: 1960ల నాటి ఫజ్ ఫేస్ (గిటార్ శబ్దాన్ని గరగరలాడించే పెడల్) నమూనాలో తయారైన, జెర్మేనియం ట్రాన్సిస్టర్లున్న కొత్త పెడల్ కొన్నాను. డిసెంబరులో అదిరిపోయింది. ఇప్పుడు మేడ మీద గదిలో వాయిస్తుంటే శబ్దం తెగిపోతూ, చిటపటలాడుతూ వస్తోంది. పాడైందా? సిలికాన్‌ది తీసుకోవాల్సిందా?
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: పాడై ఉండకపోవచ్చు, దానికి ఎండ తగిలింది! 1966లో లండన్‌లో ఆర్బిటర్ కంపెనీ తెచ్చిన ఆ గుండ్రటి డబ్బాలో ఉన్నదల్లా రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు నాబ్‌లు. ఇంత చిన్న సర్క్యూట్‌లో ట్రాన్సిస్టర్ ఎటు వంగితే శబ్దమూ అటే. జెర్మేనియంలో వేడి పెరిగేకొద్దీ లీకేజీ కరెంటు (అనవసరంగా కారిపోయే కరెంటు) పెరుగుతుంది. దాంతో బయాస్ (ట్రాన్సిస్టర్ సరిగా పనిచేయడానికి కుదిర్చిన వోల్టేజీ స్థాయి) పక్కకు జరిగి, మీరు చెప్పిన చిటపటలు మొదలవుతాయి. చల్లటి గదిలో ఓ అరగంట ఉంచి మళ్లీ వాయించి చూడండి. మీ పెడల్‌కు బయాస్ నాబ్ ఉంటే ఇంకా సులువు, తీగ మీటుతూ శబ్దం నిండుగా వచ్చేదాకా మెల్లగా తిప్పండి. పాత వాటికి ఈ సదుపాయం లేదు. కొత్త నమూనాల్లో నాకు నచ్చేది ఇదే. 'అసలైన పాత ట్రాన్సిస్టర్' అనే ముద్రకు మాత్రం అదనంగా డబ్బు పెట్టను. అప్పట్లోనూ ఒకే నంబరున్న రెండు ట్రాన్సిస్టర్లు ఒకేలా పలికేవి కావు.

సిలికాన్ ఎండను లెక్కచేయదు. కాకపోతే శబ్దం కాస్త పదునుగా ఉంటుంది. గిటార్ వాల్యూమ్ తగ్గించినప్పుడు జెర్మేనియం శుభ్రంగా, గంట మోగినట్టు మారే తీరు అందులో అంతగా రాదు. ఇంకోటి, ఫజ్‌ను గిటార్ పక్కనే మొదటగా పెట్టండి. ముందు బఫర్ (గిటార్‌కూ ఫజ్‌కూ మధ్య అడ్డుగా నిలిచే సర్క్యూట్) ఉన్న పెడల్ ఉంటే, వాల్యూమ్ తగ్గించినప్పుడు వచ్చే ఆ మార్పు పోతుంది.

ప్రశ్న: ఫజ్‌కు వాడే అడాప్టర్‌కే డిలే (ప్రతిధ్వని ఇచ్చే) పెడల్ కూడా తగిలిస్తే రెండూ ఆగిపోతున్నాయి. ఎందుకు?

జవాబు: మీ ఫజ్‌లో ఉన్నవి పీఎన్‌పీ అనే రకం ట్రాన్సిస్టర్లు అయి ఉంటాయి. అందులో బ్యాటరీ ప్లస్ వైపే గ్రౌండ్. డిలేలో మైనస్ గ్రౌండ్. ఒకే తీగకు రెండూ కలిస్తే షార్ట్ అవుతుంది. వెంటనే విడదీయండి. ఐసోలేటెడ్ (ఒకదానితో ఒకటి కలవని) అవుట్‌పుట్లున్న పవర్ సప్లై వాడి, పెడల్ మీద ముద్రించిన పోలారిటీ (ప్లస్, మైనస్) గుర్తు చూసి కలపండి. లేదంటే 9 వోల్టుల బ్యాటరీ చాలు, ఇది కరెంటు చాలా తక్కువ తాగుతుంది. వాయించడం అయ్యాక ఇన్‌పుట్ కేబుల్ పీకేయండి. జాక్ ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.