ఎండుమిర్చి ఎరుపు, చామనఛాయ, చందమామ: ఫోను కెమెరాలపై మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకటే ప్రశ్న: "ఏ ఫోను కెమెరా మంచిది మాస్టారూ?" దేన్ని ఫొటో తీయాలో మాత్రం ఎక్కువమంది రాయలేదు. విజయవాడ గవర్నర్‌పేటలో ఫొటో స్టూడియోలో ఉన్న రోజుల్లోనూ అంతే. "మంచి ఫొటో తీయండి" అని కూర్చునేవారు, పాస్‌పోర్టుకా పెళ్లికా అని అడిగితే అప్పుడు చెప్పేవారు. తీయబోయేదేమిటో రాసినవారికే ఈసారి జవాబులు.

*

ప్రశ్న: మాది గుంటూరు యార్డులో మిర్చి కమీషన్ వ్యాపారం. సరుకు దిగగానే ఫొటో తీసి ఊరూరా ఉన్న కొనుగోలుదారులకు పంపుతాను. నా ఫోనులో తేజ రకం కాయ నిప్పులా మెరుస్తుంది. అదే రాశి మా తమ్ముడి ఐఫోనులో కాస్త వన్నె తగ్గినట్టు కనిపిస్తుంది. టిక్కీలు (మిర్చి బస్తాలు) చేరాక "ఫొటోలో ఉన్న రంగు సరుకులో లేదు" అని అవతలివాళ్లు ధర తగ్గిస్తున్నారు. రంగును ఉన్నదున్నట్టు చూపే ఫోను ఏది?
— మిర్చి వ్యాపారి, గుంటూరు

జవాబు: మీ ఫొటోను మీ ఫోనులో, తమ్ముడు తీసింది అతని ఫోనులో చూశారు కదా? అక్కడ పోటీ పడినవి తెరలు. కెమెరాల సంగతి ఇంకా తేలలేదు. చాలా కంపెనీలు తెరను 'వివిడ్' అనే, రంగులు పెంచి చూపే పద్ధతిలో పెట్టి అమ్ముతాయి. డిస్‌ప్లే సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని 'నేచురల్' చేయండి. తర్వాత రెండు ఫొటోలనూ కేబులుతో ఒకే కంప్యూటర్‌లోకి ఎక్కించి, పక్కనే గుప్పెడు కాయలు పోసుకుని చూడండి. గొడవ సగం అక్కడే తీరుతుంది.

మిగతా సగం మిరపకాయది. సెన్సరుకు, అంటే లెన్సు వెనక వెలుగును పట్టే పలకకు, స్వతహాగా రంగు తెలియదు, వెలుగు ఎంత పడిందో మాత్రమే తెలుస్తుంది. అందుకే దాని మీది ఒక్కో గడికి (పిక్సెల్‌కు) ఒక్కో రంగు వడపోత అతికిస్తారు. సగం గళ్లకు ఆకుపచ్చ, పావు వంతుకు ఎరుపు, పావు వంతుకు నీలం. కొడాక్ కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందిన ఈ అమరికే ఇప్పటికీ ఎక్కువ ఫోన్లకు ఆధారం. ఎండుమిర్చి రాశి ముందు నిలబడితే ఏమవుతుందో చూడండి. ఎర్ర గళ్లు అంచుదాకా నిండిపోతాయి, ఆకుపచ్చ, నీలం గళ్లు దాదాపు ఖాళీగా ఉంటాయి. ఫోను మొత్తం మీద లెక్క కట్టి "ఇక్కడ వెలుగు తక్కువగా ఉంది" అనుకుని ఇంకాస్త పెంచుతుంది. దాంతో ఎరుపు పొంగిపోతుంది. కాయ మీది ముడత, నిగారింపు, నీడ అన్నీ కలిసిపోయి ఎర్ర దుప్పటి పరిచినట్టు తయారవుతుంది. కొనేవాడు వెతికేది ఆ ముడతనే, రాశిలో తాలు (రంగు వెలిసిన కాయ) ఎంత కలిసిందనే. అదే కనబడకుండా పోతోంది.

అందుకని తెర మీద రాశిని వేలితో తాకండి. పక్కన సూర్యుడి గుర్తు వస్తుంది. కాయల ముడతలు విడివిడిగా తేలేదాకా దాన్ని కిందికి జరపండి. ఫొటో కొంచెం మబ్బుగా అనిపించినా ఫరవాలేదు, ఎరుపు నిజానికి దగ్గరగా ఉంటుంది. నీలం టార్పాలిన్ నీడలో ఫొటో తీయకండి, ఆ నీలం కాయ మీద పడుతుంది. సన్నివేశాన్ని గుర్తుపట్టి రంగులు పెంచే సదుపాయం ఒకటి ఉంటుంది. సామ్‌సంగ్‌లో దాని పేరు 'సీన్ ఆప్టిమైజర్', మిగతావాటిలో 'ఏఐ' అని చిన్న గుర్తు. దాన్ని ఆపేయండి. అది మీ సరుకును తినే పదార్థంగా గుర్తుపడితే నోరూరించాలని చూస్తుంది. మీకు కావలసింది నోరూరడం కాదు, బేరం కుదరడం.

రాశి ఫొటోతో పాటు తెల్ల కాగితం మీద నాలుగైదు కాయలు పరిచి మరో ఫొటో తీసి పంపండి. ఆ కాగితం తన తెరలో తెల్లగా ఉందా, పసుపు తిరిగిందా అన్నది అవతలివాడికీ తెలుస్తుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటోను కుదించేస్తుంది, 'డాక్యుమెంట్'గా పంపండి. ఇవన్నీ చేశాక కూడా తేడా మిగిలితే అప్పుడు కొత్త ఫోను సంగతి చూద్దాం. మిగలదనే నా నమ్మకం.

*

ప్రశ్న: ఒకే ధరలో ఒక ఫోనుకు 108 మెగాపిక్సెల్, మరొకదానికి 50 అంటున్నారు. బీసెంట్ రోడ్డు దుకాణంలో అబ్బాయి "రెట్టింపు కంటే ఎక్కువ కదమ్మా, 108 తీసుకోండి" అన్నాడు. నిజమేనా?
— గృహిణి, సత్యనారాయణపురం

జవాబు: అబ్బాయి కూడిక సరిగానే చేశాడమ్మా, భాగహారం వదిలేశాడు. ఒక మెగాపిక్సెల్ అంటే సెన్సరు మీద పది లక్షల గళ్లు. 108 మెగాపిక్సెల్ సెన్సరు మామూలుగా తొమ్మిది గళ్లను కలిపి ఒక్కటిగా లెక్కిస్తుంది. 50 మెగాపిక్సెల్‌ది నాలుగు గళ్లను కలుపుతుంది. చివరికి రెండింటి నుంచీ మీకు అందేది 12 మెగాపిక్సెల్ చుట్టుపక్కల ఫొటోనే. 108 రకంలో ఒక సెన్సరుకు గడి వెడల్పు 0.7 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). మూడేసి కలిస్తే 2.1. 50 రకంలో ఒకదానికి గడి 1 మైక్రాన్. రెండేసి కలిస్తే 2. ఈ రెంటి మధ్య తేడాను మీ కన్నూ నా కన్నూ పట్టలేవు.

చూడవలసింది సెన్సరు కొలత. వివరాల పట్టీలో 1/1.56 అనో 1/2.76 అనో భిన్నంలా రాస్తారు. కింది అంకె ఎంత చిన్నదైతే సెన్సరు అంత పెద్దది, దాని మీద అంత ఎక్కువ వెలుగు పడుతుంది. దాని పక్కనే 'ఓఐఎస్' ఉందో లేదో చూడండి. చేతి వణుకును సర్దడానికి లెన్సునో సెన్సరునో కదిలించే ఏర్పాటు అది. ఇక మరీ దగ్గరి వస్తువుల కోసమంటూ '2 మెగాపిక్సెల్ మాక్రో' అని మూడో కన్ను పెట్టిన ఫోన్లున్నాయి. ఆ కన్ను ఎక్కువగా లెక్క పెంచడానికే. దానికి పైసా విలువ కట్టకండి.

*

ప్రశ్న: మా అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. చామనఛాయ, కళగల ముఖం. మేనమామ ఫోనులో తీస్తే పాలరాతి బొమ్మలా తెల్లగా వచ్చింది, ముక్కు కూడా పెద్దదిగా కనిపించింది. మా ఫోనులో మరీ నల్లగా వచ్చింది. 'పోర్ట్రెయిట్' పెడితే జడలో పూలు మాయమయ్యాయి. ముఖాలకు ఏ కంపెనీ ఫోను మంచిది?
— ఒక తల్లి, గుణదల

జవాబు: అమ్మా, మేనమామగారి ఫోనులో 'బ్యూటీ' అనే గీత ఎక్కడో మధ్యలో ఉండి ఉంటుంది. ముందు దాన్ని సున్నాకు తెమ్మనండి. చర్మాన్ని నున్నగా తోమి, రంగు తేల్చి, గడ్డం సన్నం చేసే పని అది. మా రోజుల్లోనూ ఈ పాపం ఉండేది. నెగెటివ్ మీద సన్నటి పెన్సిలుతో మచ్చలు దిద్దేవాళ్లం. కానీ ఎంత దిద్దాలో మనిషిని చూసి నిర్ణయించుకునేవాళ్లం. ఫోను ఎవరినీ చూడదు, అందరికీ ఒకే సున్నం వేస్తుంది. పెళ్లిచూపులకు వచ్చేవాళ్లు అమ్మాయిని నేరుగా చూడబోతున్నారు. ఫొటో అబద్ధమాడితే ఆ రోజు ఇబ్బంది పడేది మీరే.

కంపెనీల మాటకొస్తే, మన చర్మపు ఛాయల విషయంలో ఒక్కొక్కరిది ఒక్కో రుచి. గూగుల్ 2021లో పిక్సెల్ 6తో 'రియల్ టోన్' అని ఒక సర్దుబాటు తెచ్చింది. నల్లని, చామనచాయ ముఖాలను అనవసరంగా తెల్లబరచకుండా, బూడిద రంగు అంటకుండా చూడటం దాని ఉద్దేశం. నాకు ఆ ఫోన్లలో మనవాళ్ల ముఖాలు నచ్చుతాయి. ఐఫోను కొద్దిగా వెచ్చదనం వైపు మొగ్గుతుంది, పసుపు రాసిన ముఖానికి అది అందమే. అయితే ఈ ఒక్క ఫొటో కోసం ఫోను కొనకండి.

ముక్కు సంగతి దూరానిది. ఫోను అసలు లెన్సు చాలా వెడల్పుగా చూస్తుంది. పాత కెమెరాల లెక్కలో సుమారు 24 మిల్లీమీటర్లు. దాంతో ముఖం నిండాలని మూరెడు దూరంలోకి వెళ్తే ముందున్న ముక్కు పెరుగుతుంది, చెవులు వెనక్కి పోతాయి. అయిదారు అడుగులు వెనక్కి జరిగి జూమ్ 2ఎక్స్ గానీ 3ఎక్స్ గానీ పెట్టి తీయండి. ఇదే అమ్మాయి, ఇదే ఫోను, వేరే ముఖం వస్తుంది.

మీ ఫోనులో నల్లగా రావడానికి వెనకనున్న తెల్ల గోడే కారణం కావచ్చు. గోడ వెలుగు చూసి ఫోను మొత్తాన్ని తగ్గిస్తుంది. తెరపై అమ్మాయి బుగ్గను తాకి తీయండి. ఉదయం వరండాలో, ఎండ నేరుగా పడని చోట, వెలుగు వైపు ముఖం తిప్పి నిలబెట్టండి. ట్యూబులైటు కింద వద్దు. వెనకభాగాన్ని మసకబార్చే పోర్ట్రెయిట్ పద్ధతిలో జుట్టు అంచు, మల్లెచెండు ఎక్కడ ముగుస్తాయో, వెనకటి గోడ ఎక్కడ మొదలవుతుందో ఫోను ఊహించి కత్తిరిస్తుంది. మల్లెలకూ తెల్ల గోడకూ తేడా అది ఎలా కనిపెడుతుంది పాపం? గోడకు దూరంగా నిలబెట్టి మామూలు పద్ధతిలోనే తీయండి. పూలు జడలోనే ఉంటాయి.

*

ప్రశ్న: పున్నమి రాత్రి ప్రకాశం బ్యారేజీ దగ్గర మిత్రుడి సామ్‌సంగ్ గెలాక్సీ అల్ట్రా ఫోనులో చంద్రుడి మచ్చలు కూడా పడ్డాయి. నా ఫోనులో తెల్ల చుక్క వచ్చింది. దీపాల ఫొటోలో ఆకాశం నిండా పచ్చటి చుక్కలు. నా ఫోను పాడైందా?
— ఇంజనీరింగ్ విద్యార్థి, తాడేపల్లి

జవాబు: పాడవలేదు బాబూ. మీ మిత్రుడి ఫోను ఎస్23 అల్ట్రా అయితే అందులో 10 రెట్లు దగ్గరకు తెచ్చే నిజమైన లెన్సు ఉంది. ఆ పై పని సాఫ్ట్‌వేరుది. 2023 మార్చిలో ఒకరు చంద్రుడి ఫొటోను కావాలనే మసకబార్చి, కంప్యూటర్ తెర మీద పెట్టి, గది చీకటి చేసి సామ్‌సంగ్ ఫోనుతో తీశారు. తెర మీద లేని గుంటలు ఫొటోలో వచ్చాయి. అది చంద్రుణ్ణి గుర్తుపట్టి వివరాలు మెరుగుపరుస్తుందని కంపెనీ కూడా వివరించింది. చంద్రుడు ఎప్పుడూ మనకు ఒకే ముఖం చూపిస్తాడు కాబట్టి నేర్చుకోవడం తేలిక. దాన్ని మోసమని కొందరు, సాయమని కొందరు అన్నారు. నా మటుకు, మిత్రుడి ఫోను బాగా తీసిందని ఒప్పుకుంటాను గానీ ఆ మచ్చలను కెమెరా లెక్కలో వేయను.

మీ తెల్ల చుక్కకు కారణం చీకటి. చుట్టూ చీకటి చూసి ఫోను వెలుగు పెంచేసింది. చంద్రుడేమో నేరుగా ఎండ పడుతున్న రాయి. తాకి, సూర్యుడి గుర్తును బాగా కిందికి లాగితే గుండ్రం తేలుతుంది.

పచ్చటి చుక్కలు దీపాల నీడలే. లెన్సు గాజుల మధ్య వెలుగు అటూ ఇటూ కొట్టుకుని, ఫొటో నడిబొడ్డుకు అవతలి పక్కన తలకిందులుగా పడుతుంది. కింద ఉన్న దీపాల వరుసను, పైన ఉన్న చుక్కల వరుసను లెక్కపెట్టి చూడండి, జత కుదురుతుంది. ఖరీదైన ఫోన్లలోనూ ఇది ఉంది. ఫోనును కొంచెం వంచితే చుక్కలు జరుగుతాయి. ఇంకో మాట, బ్యారేజీ మీద నిలబడి రాత్రి ఫొటోలు తీయకండి. 1957 నాటి కట్టడం, బండి వెళ్లినప్పుడల్లా అదురుతుంది. నైట్ మోడ్‌లో ఫోను వరసగా చాలా ఫొటోలు తీసి కలుపుతుంది కాబట్టి ఆ అదురు ఫొటోలో పడుతుంది. మీ వైపే సీతానగరం ఘాటు ఉంది. మెట్టు మీద ఫోను ఆనించి, మూడు సెకన్ల టైమర్ పెట్టి తీయండి.

*

ప్రశ్న: మా పాప తుమ్మలపల్లి కళాక్షేత్రంలో కూచిపూడి ప్రదర్శన ఇవ్వబోతోంది. ఓఐఎస్, 3ఎక్స్ జూమ్ ఉన్న ఫోను కొన్నాను. రిహార్సల్‌లో చేతులన్నీ చెదిరిపోయి వచ్చాయి, వీడియోలో నల్లటి అడ్డగీతలు. ఓఐఎస్ పనిచేయడం లేదా?
— ఒక తండ్రి, పటమట

జవాబు: పనిచేస్తోంది. అది ఆపగలిగేది మీ చేతి వణుకును. పాప చేతిని ఆపలేదు. పళ్లెం అంచుల మీద నిలిచి తరంగం చేస్తున్నప్పుడు పాదం, పళ్లెం స్పష్టంగా రావాలంటే షట్టరు సెకనులో 250వ వంతు కంటే ఎక్కువసేపు తెరిచి ఉండకూడదు. కెమెరాలోని 'ప్రో' పద్ధతిలో అది మీరే పెట్టాలి. ఫొటోలో కొంత గరుకు వస్తుంది, రానివ్వండి.

అడ్డగీతలు ఎల్ఈడీ దీపాలవి. మన కరెంటు 50 హెర్ట్జ్, దానికి తగ్గట్టు చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. వీడియోకు షట్టరును 1/50 గానీ 1/100 గానీ పెడితే ఎక్కువగా పోతాయి.

మీరు కొన్న 3ఎక్స్‌ను ఒకసారి పరీక్షించండి. హాల్లో దీపాలు తగ్గినప్పుడు 3ఎక్స్ నొక్కి, ఆ జూమ్ లెన్సును వేలితో మూయండి. తెర చీకటి కాకపోతే ఫోను ఆ లెన్సును వదిలేసి, అసలు లెన్సు ఫొటోనే కత్తిరించి పెద్దది చేసి చూపిస్తోందన్నమాట. జూమ్ లెన్సుకు వెలుగు చాలనప్పుడు చాలా ఫోన్లు ఇలాగే చేస్తాయి, చెప్పవు. అలాంటప్పుడు వెనక వరసలో కూర్చుని జూమ్ చేయడంకన్నా ముందు వరసలో చోటు సంపాదించడం మేలు. నిర్వాహకులతో ఈ రోజే మాట్లాడుకోండి.

*

ప్రశ్న: ఫోనులో తీసిన మా అమ్మానాన్నల ఫొటోను గోడకు పెట్టుకోవాలి. ఎంత పెద్దది చేయించవచ్చు?
— ఉపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: 12 మెగాపిక్సెల్ ఫొటోకు పొడవున 4000, వెడల్పున 3000 చుక్కలు ఉంటాయి. అంగుళానికి 300 చొప్పున అచ్చు వేస్తే 13 అంగుళాలకు 10 అంగుళాలు నిక్షేపంగా వస్తుంది. గోడ మీద నాలుగడుగుల దూరం నుంచి చూసేదే కాబట్టి దానికి రెట్టింపు వేయించినా ఎవరూ పేరు పెట్టరు. కుటుంబం గ్రూపులో వచ్చిన కాపీని మాత్రం స్టూడియోకు తీసుకువెళ్లకండి, తీసినవారి ఫోనులోని అసలు ఫైలే అడగండి. కాగితం మ్యాట్ రకం తీసుకోండి. ఎదురుగా కిటికీ ఉంటే మెరిసే కాగితం మీద అమ్మానాన్నలకు బదులు కిటికీయే కనిపిస్తుంది.