తీర్పు లోయలో తెంపేది ఎవరు?

సందేహం: మాది నకిరేకల్ దగ్గరి పల్లె. మొన్న కూడికలో ప్రసంగం చేసినాయన యోవేలు గ్రంథం మూడో అధ్యాయం 14వ వచనం చదివి, "ఇంగ్లీషులో ఇది వ్యాలీ ఆఫ్ డెసిషన్, అంటే మనం నిర్ణయం తీసుకునే లోయ. దేవుణ్ణి సేవిస్తారో లేదో ఇప్పుడే తేల్చుకోండి" అన్నారు. నా చేతిలోని తెలుగు బైబిలులో మాత్రం 'తీర్పు తీర్చు లోయ' అని ఉంది. నిర్ణయం, తీర్పు ఒకటేనా? తెలుగు అనువాదం తప్పా? ఇంకో మాట. మా గుమ్మం మీద 'నేనును నా యింటివారును యెహోవాను సేవించెదము' అని రాయించాం. హైవే మీద 'మద్యం సేవించి వాహనం నడపరాదు' అన్న బోర్డు చూసి మా పిల్లవాడు నవ్వుతున్నాడు. దేవుడికీ మందుకూ ఒకే మాటేంది?

సమాధానం: అనువాదం తప్పు కాదమ్మా. ఈ చోట ఇంగ్లీషు కంటే మన తెలుగే సూటిగా ఉంది.

ఆ అధ్యాయాన్ని కాస్త పైనుంచి చదవండి. దేవుడు జనాంగాలన్నిటినీ యెహోషాపాతు లోయకు రప్పిస్తానంటాడు. 12వ వచనంలో తీర్పు చెప్పడానికి అక్కడ కూర్చుంటానంటాడు. యెహోషాపాతు అన్న పేరుకు హీబ్రూలో 'యెహోవా తీర్పు తీర్చాడు' అనే అర్థం. రెండు వచనాల తర్వాత వచ్చే 'తీర్పు తీర్చు లోయ' కూడా ఆ లోయకే ఇంకో పేరు. కూర్చున్నవాడు న్యాయాధిపతి, గుంపులు గుంపులుగా నిలబడ్డవాళ్లు తీర్పు వినడానికి వచ్చినవాళ్లు. అక్కడ వాళ్ల నిర్ణయం ఏమిటని అడిగినవాళ్లు లేరు.

మరి ఇంగ్లీషులో డెసిషన్ ఎందుకుంది? కోర్టు చెప్పేదాన్ని కూడా వాళ్లు డెసిషనే అంటారు. 1611 నాటి బైబిలులో ఆ మాట పడింది. ఇప్పటి చెవికి డెసిషన్ అనగానే ఉద్యోగం మారాలా, పెళ్లి చేసుకోవాలా అని ఎవరికి వారు పడే టెన్షన్ గుర్తొస్తుంది. ప్రసంగం అక్కడే పక్కకు జారింది. ఆ 1611 బైబిలు అంచులోనే ఇంకో అర్థం కూడా అచ్చేశారు, 'నూర్పిడి' అని. ఎందుకంటే మూలంలోని 'హారూచ్' అన్న హీబ్రూ మాటకు కోసినది, తెగినది, ఖాయమైనది అని అర్థాలు. కళ్లంలో పంట నూర్చే పళ్ల బల్లకు కూడా అదే పేరు. ముందు వచనంలో 'పైరు ముదిరినది, కొడవలిపెట్టి కోయుడి' అని ఉంది కనుక, యోవేలు ప్రవక్త ఈ రెండర్థాలూ వినిపించాలనే ఆ మాట వాడాడని నాకనిపిస్తుంది. పాత గ్రీకు అనువాదం దాన్ని తీర్పు లోయ అంది. లాటిన్ అనువాదం కోత లోయ అంది.

కోయడానికీ తీర్పుకూ ఏం సంబంధమని మీ జిల్లాలో ఎవరూ అడగనక్కర్లేదు. పంచాది తెంపుడు, అంటే తగాదా తేల్చడం, అనే మాట మీరు రోజూ వినేదే. నా చిన్నప్పుడు మా ఊరి పశువుల అంగట్లో కొనేవాడూ అమ్మేవాడూ తువ్వాల కింద వేళ్లు పట్టుకుని గుంజాడుతుంటే, మధ్యవర్తి పక్కనే నిలబడి "ఇగ తెంపుండ్రి" అని కేకేసేవాడు. కాసేపటికి తువ్వాల తీసేవాళ్లు. "బేరం తెగింది" అనగానే ఎద్దు పలుపు చేతులు మారేది. ఆ తర్వాత పది రూపాయలు తక్కువైందని ఎవరన్నా నసిగితే, మధ్యవర్తి ముఖం కూడా చూసేవాడు కాదు. హారూచ్‌లో ఉన్నది ఈ తెగడమే. ఇంగ్లీషు డెసిషన్‌కు తల్లి అయిన లాటిన్ మాటకు కూడా నరికివేయడం అనే అర్థం ఉంది.

నైజాం కాలం నుంచి తీర్పు అనే అర్థంలో మన నోట్లో ఉన్న ఫైసలా సంగతీ ఇంతే. అరబ్బీలో దాని ధాతువుకు వేరు చేయడం అని అర్థం. ఖురాన్‌లో తీర్పు దినానికి ఉన్న పేర్లలో యౌముల్ ఫస్ల్ ఒకటి. పాత పహాణీల మీద, అంటే భూమి రికార్డుల మీద, కనిపించే ఫసలీ సంవత్సరం కూడా ఈ ఫస్ల్ నుంచి వచ్చిందే, అక్కడ దానికి పంట కాలం అని అర్థం. కోత, పంట, తీర్పు మూడూ యోవేలు దగ్గర కలిసినట్టే ఇక్కడా కలిశాయి.

ఇక తీర్పు. మారు, మార్చు, మార్పు అన్నట్టే తీరు, తీర్చు, తీర్పు. అప్పు తీరుతుంది, దాహం తీరుతుంది. అంటే ఇక మిగల్లేదని. తగాదాను మిగలకుండా చేసేది తీర్పు. తీర్మానం కూడా ఈ కుటుంబంలోదే కానీ, అది పదిమంది కూర్చుని చేసేది. ఒక్కరు మనసులో అనుకునేదాన్ని నిర్ణయం అంటున్నాం. కాబట్టి 'నేను చదువు మానేయాలని తీర్పు తీసుకున్నాను' అంటే నవ్వుతారు. తీర్పు ఒకరు చెప్పాలి, ఇంకొకరు వినాలి.

ఎంచుకోమని అడిగే మాట బైబిలులో లేదా అంటే, మీ గుమ్మం మీది వాక్యానికి పైనే ఉంది. యెహోషువ 24వ అధ్యాయం 15వ వచనంలో, ఎవరిని సేవిస్తారో 'నేడు మీరు కోరుకొనుడి' అంటాడు ఇశ్రాయేలీయుల నాయకుడు, ముసలి యెహోషువ. ఈ మాటను ఆజ్ఞలా చదవాలి, చివరి 'డి' పాత తెలుగులో మీరు చేయండి అని చెప్పే గుర్తు. ఇప్పుడు కోరుకోవడమంటే ఆశపడడం అయిపోయింది, 'మీరు క్షేమంగా ఉండాలని కోరుకుంటున్నాను' అన్నట్టు. ఇక్కడ దాని అర్థం ఎంచుకోవడం. ప్రసంగికుడు చెప్పదలచుకున్నదానికి సరైన వచనం ఇది. దీన్ని తీసుకెళ్లి యోవేలు లోయలో పెట్టడమే పేచీ. యెహోషువ ఈ మాట అడిగిన శెకెములో జనం నోరు తెరిచి జవాబు చెప్పారు. యోవేలు లోయలో ఆ అవకాశం లేదు.

మీ పిల్లవాడి నవ్వు దగ్గరికొద్దాం. సంస్కృతంలో సేవ్ అంటే దగ్గర చేరి ఉండడం, ఆశ్రయించడం, అలవాటుగా వాడడం. అందుకే గురుసేవ, వాయుసేవనం, ఔషధ సేవనం అన్నీ కుదిరాయి. గుళ్లో తీర్థం కూడా సేవిస్తాం. తాగి అంటే మోటుగా ఉంటుందని బోర్డు రాసినవాళ్లు సేవించి అన్నారు. నన్నడిగితే తాగి అనే రాయాలి, తాగినవాడికి కూడా చప్పున అర్థమవుతుంది.

యెహోషువ వాడిన హీబ్రూ క్రియ 'ఆవద్'. పని చేయడం, ఊడిగం చేయడం, ఆరాధించడం, అన్నిటికీ అదొక్కటే. ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, ఫరో రాజు ఇశ్రాయేలీయుల చేత చేయించుకున్నదీ అదే ఆవద్. నిర్గమకాండం మొదటి అధ్యాయంలో మన అనువాదకులు వెట్టి అనే మాట కూడా వాడారు. నల్లగొండవాళ్లకు వెట్టి అంటే ఏమిటో నేను చెప్పాలా? వెట్టి నుంచి బయటపడ్డవాళ్ల పిల్లలను ఇప్పుడు ఎవరి పని చేస్తారో మీరే చెప్పండి అని అడుగుతున్నాడాయన. ఆ బరువు సేవించు అన్న మాటలో కొంత తేలిపోయింది. తెలుగులో దీనికి సరిజోడు కొలుచు. దేవుణ్ణి కొలుస్తాం, రాజు కొలువు చేస్తాం, సర్కారు కొలువు కోసం పిల్లలు హైదరాబాదులో గదులు తీసుకుని చదువుతున్నారు.

గుమ్మం మీది రాతను ఒకసారి చూసుకోండి. 'సేవించెదము'లో చకారానికి ఎత్వం, ఏత్వం కాదు. చాలా ఇళ్ల మీద పెయింటర్లు 'సేవించేదము' అని రాసి పోయారు. 'యింటివారును' తప్పనుకుని ఇకారంగా దిద్దించకండి. 'నా' తర్వాత వచ్చిన ఆ య సంధి వల్ల చేరింది, ఉండవలసిందే.